ప్రశ్న చదవకుండా చేసిన లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి నా బెంచీవాడే. నెల కిందట ఫోన్ చేసి, "ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టావు కదరా, వాటి గురించి మాట్లాడు, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నాడు. నేను బాత్‌రూమ్ గురించి మాట్లాడతానన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. స్వర్ణోత్సవ సభలో బాత్‌రూమ్ ఏమిటని మీకూ అనిపించవచ్చు. కానీ ఇందాక జరిగింది మీరూ చూశారు.

మన లెక్కల మాష్టారు ఈ వేదిక ఎక్కారు. నాలుగు మెట్లు. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. మాష్టారు నవ్వుతూనే ఎక్కారు గానీ, కుర్చీలో కూర్చున్నాక ఆయన చెయ్యి వణకడం నేను చూశాను. ఆ మెట్లకు ఒక పక్కన ఇనప పైపు బిగించి ఉంటే తనంతట తానే ఎక్కేవారు. ఈ సభలో ఇంజనీర్లు నాతో కలిపి పదకొండు మందిమి ఉన్నాం. ఒక్కరికీ ఆ సంగతి ముందు తట్టలేదు. నాకూ తట్టలేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన పని నేను మా ఇంట్లో చేశాను. అదే చెప్పడానికి వచ్చాను.

తొమ్మిదో తరగతిలో ఒకసారి గది కొలతలు ఇచ్చి నాలుగు గోడలకు సున్నం వేయడానికి ఎంత ఖర్చవుతుందో కట్టమన్నారు. నేను గది ఘనపరిమాణం కట్టి, దానికి ఖర్చు వేసి, గుణకారం ఎక్కడా తప్పకుండా జవాబు రాశాను. మాష్టారు సున్నా వేశారు. ఏడుపు మొహంతో వెళ్ళి అడిగితే, "నువ్వు చేసిన లెక్క తప్పు కాదురా. కానీ నేను అడిగిన లెక్క అది కాదు. ముందు ప్రశ్న రెండుసార్లు చదువు" అన్నారు. నలభై ఏళ్ళ తరవాత అదే తప్పు మా అమ్మ దగ్గర మళ్ళీ చేశాను.

నాన్నగారు పోయాక అమ్మ ఈ ఊళ్ళోనే, మా పాత డాబా ఇంట్లోనే ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు రమ్మంటే, "అక్కడ నేను చేసేదేముందిరా? మీరు ఆఫీసుకు పోతే గోడలు చూస్తూ కూర్చోవాలి" అంటుంది. ఆవిడకు 78 ఏళ్ళు వచ్చిన ఏడాది సంక్రాంతికి నేను ఒక పెద్ద జాబితాతో దిగాను. వృత్తిరీత్యా నాకు కొలతలు తెలుసు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది, అందరికీ అందుబాటులో ఉండే కట్టడాల గురించి 2021లో కేంద్ర ప్రభుత్వం వేసిన మార్గదర్శకాలున్నాయి. అవన్నీ చదువుకునే వచ్చాను. ఇద్దరు మేస్త్రీలను, ప్లంబర్‌ను పెట్టి వారం రోజుల్లో పని ముగించాను. పాత ఇండియన్ టాయిలెట్ తీసి కమోడ్ పెట్టించాను. బాత్‌రూమ్‌లో జారని టైల్స్ వేయించి, మూడు చోట్ల స్టీలు కడ్డీలు బిగించాను. వాకర్ కొన్నాను. రాత్రిపూట మంచం పక్కన పెట్టుకోవడానికి కమోడ్ కుర్చీ కొన్నాను. ఆపద వస్తే నొక్కడానికి మెళ్ళో వేసుకునే కాలింగ్ బెల్ తెచ్చాను. అన్నీ ఫొటోలు తీసి మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "కొడుకంటే నువ్వురా" అని అందరూ మెచ్చుకున్నారు. అమ్మ కూడా బాగుందనే అంది.

ఐదు నెలల తరవాత ఏదో పనిమీద విజయవాడ వచ్చి, చెప్పకుండా ఇంటికి వెళ్ళాను. పెరట్లో వాకర్ కనిపించింది. దాని మీద పాత చీర పరిచి వడియాలు ఎండబెట్టింది. బాత్‌రూమ్‌లో మూడు కడ్డీల మీదా తడి తువ్వాళ్ళున్నాయి. కమోడ్ కుర్చీ మీద పాత పేపర్ల కట్ట, దాని మీద బియ్యం డబ్బా. బెల్లు దేవుడి గూట్లో, బ్యాటరీ తీసేసి ఉంది. నేను పెట్టినవాటిలో ఆవిడ నిజంగా వాడుతున్నది కమోడ్ ఒక్కటే. అది మోకాళ్ళు అడిగిన వస్తువు కాబట్టి.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కాఫీ ఇస్తుంటే మోచేతి మీద మాని నల్లబడ్డ దెబ్బ కనిపించింది. ఏమిటంటే గుమ్మం తగిలిందంది. సాయంత్రం పక్కింటి పిన్నిగారు చెప్పారు. రెండు నెలల కిందట తెల్లవారుజామున పెరటి గడప దగ్గర పడిందట. లేవలేక అరగంట సేపు అక్కడే ఉండిపోయిందట. పాలమనిషి వచ్చి లేపిందట. "మీ అబ్బాయికి చెప్పనా?" అంటే వద్దని ఒట్టు వేయించుకుందట.

రాత్రి అన్నం తిన్నాక అడిగాను. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "చెబితే ఇంకేదో తెచ్చి బిగిస్తావు. లేకపోతే నన్ను తీసుకుపోతావు" అంది.

ముప్పై ఏళ్ళలో ఎన్నో తనిఖీ రిపోర్టులు చదివాను. ఏదీ నన్ను ఇంతగా కదిలించలేదు. లారీలు పోయే వంతెన కట్టినవాణ్ణి, నలభై ఎనిమిది కిలోల మా అమ్మ మంచం మీంచి బాత్‌రూమ్‌కి వెళ్ళే దారి కట్టలేకపోయాను. పైగా, పడితే చెప్పుకోవడానికి కూడా భయపడేలా చేశాను.

మర్నాడు సెలవు పెట్టాను. మూడు రోజులు ఏ పనీ చేయకుండా, టేపు కూడా తియ్యకుండా, అమ్మ ఇంట్లో ఎలా తిరుగుతుందో చూస్తూ కూర్చున్నాను. అంటే మాష్టారు చెప్పినట్టు, ప్రశ్న చదివాను.

మొదట కనిపించినవి గోడల మీది మరకలు. వంటింటి గుమ్మం పక్కన, బాత్‌రూమ్ తలుపు పక్కన, పెరటి గడప దగ్గర సున్నం మీద అరచెయ్యంత నల్లటి మరకలున్నాయి. నడిచేటప్పుడు ఆవిడ చెయ్యి ఆనే చోట్లు అవే. నేను కడ్డీలు బిగించిన చోట ఒక్క మరకా లేదు. ఇంకొకటి, మరకలన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి. నా కడ్డీలన్నీ కుడి పక్కన ఉన్నాయి. కుడి భుజం మూడేళ్ళుగా పట్టేసిందట, చెయ్యి పైకి లేవదట. "ఎప్పుడూ చెప్పలేదేం?" అంటే, "నువ్వు వచ్చిందే గోడ కొలిచావు. నన్నేమైనా అడిగావా?" అంది.

వాకర్ సంగతి చూశాను. మంచం నుంచి పెరట్లోకి వెళ్ళాలంటే మా ఇంట్లో నాలుగు గడపలు దాటాలి. ప్రతి గడప దగ్గరా వాకర్‌ను రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టాలి. ఒక భుజం పనిచెయ్యని మనిషి అది ఎలా చేస్తుంది? గడపలు తీసేద్దామంటే వీల్లేదంది. శుక్రవారం పసుపు రాసే గడపను పలుగుతో కొట్టించమని ఏ తల్లికి చెబుతాం? పైగా వాకర్‌తో వీధిలోకి వస్తే, "అయ్యో, ఏమైందండీ?" అని పదిమంది అడుగుతారట. అందుకని గుడికి వెళ్ళేటప్పుడు నాన్నగారి వంపు పిడి గొడుగు పట్టుకుని వెళుతోంది. ఎండా లేదు, వానా లేదు. గొడుగైతే ఎవరూ ఏమీ అడగరు.

స్నానం కూడా చూడాల్సిందే. మార్గదర్శకాల్లో షవరు ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు బకెట్టూ మగ్గూ. బకెట్టు నేల మీదుంటుంది. ప్రతి మగ్గుకూ నడుం వంచాలి, తడి నేల మీద తల తిరుగుతుంది. నా టైల్స్ జారవు నిజమే, కానీ ఆవిడ ఇబ్బంది జారడం కాదు, వంగడం. అందుకే పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని స్నానం చేస్తోంది. అక్కడికి వెళ్ళేటప్పుడే పడింది. రాత్రి లైటు వెయ్యదు. స్విచ్చి గదికి అటు చివర తలుపు దగ్గరుంది. లైటు కోసం చీకట్లో నడవాలి.

నాలుగో రోజు మళ్ళీ మేస్త్రిని పిలిచాను. ఈసారి జాబితా అమ్మ చెప్పింది, నేను రాసుకున్నాను. కుడి పక్క కడ్డీలు ఊడదీసి ఎడమ పక్కన, మరకలున్న చోటే బిగించాం. గడపలు అలాగే ఉంచి, ప్రతి ద్వారబంధానికీ నిలువుగా ఒక చిన్న పిడి పెట్టాం. పెరట్లోకి పది అంగుళాల మెట్టు ఒకటే ఉండేది. దాన్ని ఐదేసి అంగుళాల రెండు మెట్లు చేశాం. బాత్‌రూమ్‌లో కాళ్ళకు రబ్బరు తొడుగులున్న కుర్చీ వేసి, బకెట్టును మోకాలి ఎత్తు దిమ్మ మీద పెట్టాం. కొళాయికి మూరెడు పైపు తగిలించాం, బకెట్టు ఎత్తాల్సిన పని లేదు. మంచం దగ్గర రెండో స్విచ్చి పెట్టించి, బాత్‌రూమ్ దారిలో మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు పెట్టాం. మంచం కోళ్ళ కింద నాలుగంగుళాల చెక్క దిమ్మలు వేశాం. వంపు పిడి ఉన్న చేతికర్రను ఆవిడ ఎత్తుకు కోయించి, కింద రబ్బరు బుష్ వేశాం. గొడుగు కింద ఉండే మొన జారుతుంది, మనిషి బరువు మొయ్యదు. ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు మొదటిసారి అయినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

ఇప్పుడు మీ అందరికీ పనికొచ్చే కొన్ని మాటలు చెబుతాను. మనలో సగం మందికి ఇళ్ళలో పెద్దవాళ్ళున్నారు. మిగతా సగం మంది పదిహేనేళ్ళలో మనమే ఆ పెద్దవాళ్ళం.

బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. మన ఇళ్ళలో చాలావరకు లోపలికి తెరుచుకుంటాయి. లోపల మనిషి పడితే తలుపుకు అడ్డం పడతారు, బయటివాళ్ళు తెరవలేరు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేది వేయించండి. ఒక్క వడ్రంగి, ఒక్క పూట పని. ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళి ఒక్కటే చేస్తామంటే ఇది చెయ్యండి.

గోడకు అంటుకునే రబ్బరు కప్పుల కడ్డీలు బజార్లో దొరుకుతాయి. వాటిని నమ్మకండి. పడబోయే మనిషి బరువంతా ఒక్కసారిగా వాటి మీద పడుతుంది, ఊడి చేతికొస్తాయి. కడ్డీని గోడలోకి దింపి బిగించాలి. ఈ మధ్య కట్టే అపార్టుమెంట్లలో తేలిక బ్లాకుల గోడలుంటాయి. వాటికి మామూలు మేకులు, స్క్రూలు ఆగవు, తగిన యాంకర్లు వాడాలి. బిగించాక ముందు మీరు మీ బరువంతా వేసి వేలాడి చూడండి. తరవాతే అమ్మకు చూపించండి.

ఇంటి ముందు వాలు కట్టేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. అడుగున్నర అరుగుకు పద్దెనిమిది అడుగులు. మన వీధుల్లో అంత స్థలం ఉండదు. స్కూటరు ఎక్కించడానికి వేసే నిటారు వాలు మీద ముసలివాళ్ళు నడిస్తే పడతారు, చక్రాల కుర్చీ తోస్తే తోసేవాడి మీదికే వస్తుంది. స్థలం లేనప్పుడు తక్కువ ఎత్తు మెట్లూ, రెండు పక్కలా పట్టుకునే పైపూ మేలు.

చేతికర్ర పిడి, చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడికి రావాలి. వాకరూ అంతే. కర్రను నొప్పి కాలి వైపు కాదు, దానికి అవతలి చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కింది రబ్బరు బుష్ అరిగితే కర్రే జారుతుంది. బుష్‌కు పెద్ద ఖర్చవదు. నెలకోసారి తిప్పి చూడండి.

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు కింది అంతస్తులో ఒక పడగ్గది, దానికి ఆనుకుని బాత్‌రూమ్ ఉంచుకోండి. ఆ బాత్‌రూమ్‌కు మూడడుగుల తలుపు పెట్టండి. మన మేస్త్రీలు అలవాటుగా రెండున్నర అడుగులు పెడతారు. ద్వారబంధం మందం పోగా చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. కట్టేటప్పుడు ఆ ఆరు అంగుళాలకు ఖర్చేమీ లేదు. తరవాత గోడ కొట్టాలంటే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, కొనేముందు అడగడం. జపాన్‌లో 2000 సంవత్సరంలో వృద్ధుల సంరక్షణకు బీమా పథకం మొదలుపెట్టారు. ఇంట్లో కడ్డీలు బిగించడానికి, ఎత్తుపల్లాలు తీయడానికి, తలుపులు మార్చడానికి రెండు లక్షల యెన్‌ల వరకు పనికి అందులోంచి సాయం వస్తుంది. కానీ పని మొదలుపెట్టకముందే, ఈ మనిషికి ఈ మార్పు ఎందుకు కావాలో ఒక కాగితం రాసివ్వాలి. డబ్బు కంటే ఆ కాగితమే నాకు నచ్చింది. నేను మొదటిసారి అలాంటి కాగితం రాయాల్సి వచ్చి ఉంటే, అమ్మది ఏ భుజం నొప్పో తెలిసి ఉండేది.

మన దగ్గరా కొంత జరుగుతోంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పరికరాలు కాన్పూర్‌లోని ఆలింకో సంస్థ తయారుచేసి ఇస్తుంది. పెద్దవాళ్ళ ఇబ్బందులు చెప్పుకోవడానికి 14567 నంబరుంది. తెలిసినవాళ్ళకు చెప్పండి. అయితే పరికరం చేతికొచ్చాక అది సరిపోయిందా లేదా అని నెల తరవాత వెళ్ళి చూసేవాళ్ళు కావాలి. అది ఊళ్ళో మనుషులే చెయ్యాలి.

అందుకే సంఘానికి మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. మొదటిది, వచ్చే వార్షికోత్సవం లోపు ఈ వేదిక మెట్లకు రెండు పక్కలా పైపులు బిగిద్దాం. ఆ ఖర్చు నాది. రెండోది, మన ఇళ్ళలో ఎవరో పెద్దాయన పోయాక అటకెక్కిన వాకర్లు, కమోడ్ కుర్చీలు, చక్రాల కుర్చీలు ఎన్నో ఉన్నాయి. అవి తెచ్చి స్కూలు పక్క గదిలో పెడదాం. ఊళ్ళో ఎవరికి అవసరమైతే వారు వాడుకుని తిరిగిస్తారు. కొనకముందే వాడి చూసుకునే వీలుంటుంది. అమెరికా నుంచి కొని పంపించే మిత్రులకు నా మనవి, ముందు ఇక్కడ ఒకసారి కూర్చోబెట్టి, నడిపించి చూశాక పంపండి. మూడోది, రిటైరైన మన ఉపాధ్యాయుల ఇళ్ళకు ఒక్కో ఆదివారం ఇద్దరిద్దరం వెళదాం. టేపు జేబులోనే ఉంచి, ముందు వారు పెట్టే కాఫీ తాగుదాం. ఎక్కడ ఇబ్బందిగా ఉందో వారినే అడుగుదాం. వారు వద్దన్నది చెయ్యొద్దు. ఒక మేస్త్రిని, ఒక ప్లంబర్‌ను మన సంఘమే ఏర్పాటు చేస్తుంది.

మా అమ్మకు ఇప్పుడు 80. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. బెల్లు ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంది. వాకర్ మీద ఈ ఎండాకాలం కూడా వడియాలు ఎండాయి. కానీ పోయిన నెల తనే ఫోన్ చేసింది. "ఒరేయ్, నిన్న వీధి మెట్టు దగ్గర కాలు తడబడింది. పడలేదులే. ఈసారి వచ్చినప్పుడు అక్కడ కూడా ఒక కడ్డీ బిగించు. ఎడమ పక్కన" అంది.

తడబడ్డానని తనంతట తానే నాకు చెప్పింది. నాకు అదే చాలు. రేపు పొద్దున మేస్త్రి వస్తున్నాడు, సభ అయ్యాక నేను ఇంటికే వెళుతున్నాను.

మాష్టారూ, ఈసారి ప్రశ్న రెండుసార్లు చదివాను. మార్కులు మీరే వెయ్యాలి. సభ ముగిశాక మీరు దిగేటప్పుడు నేను పక్కన నిలబడతాను. రెక్క పట్టుకోను. నా భుజం మీద ఏ చెయ్యి వెయ్యాలో మీరే చెప్పండి.